బొచ్చె చేపకు తలంటు

కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. మీకు ఏ సందేహం వచ్చినా ఫోన్ తీసి వెతుక్కుంటారు. దొరుకుతుంది కూడా. అది తప్పని నేను అనను. అనే మొహం కూడా నాకు లేదు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. కాకపోతే ఫోన్ తీసే ముందు ఒక్కసారి చుట్టూ చూడండి. ఆ పని తెలిసిన మనిషి ఎదురింటి అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ కూర్చుని ఉండవచ్చు.

నా సర్వీసులో చివరి ఎనిమిదేళ్ళూ సముద్రపు ఒడ్డున ఒక మత్స్యకార గ్రామం సబ్‌సెంటర్‌లో గడిచాయి. ఇల్లు అరసవల్లిలో. పొద్దున్నే రెండు ఆటోలు మారి వెళ్ళేదాన్ని. రెండో ఆటోలో నేనొక్కదాన్ని, చుట్టూ ఖాళీ చేపల గంపలు. సాయంత్రం మా వీధి మొదట్లో దిగేసరికి పిల్లులు నా వెనకే ఇంటిదాకా నడిచి వచ్చేవి. మా ఆయన తలుపు తీసి ముందు వాటిని పలకరించి, తరవాత నన్ను పలకరించేవారు.

పని వచ్చినదాన్నే, కాని నా నోరు మంచిది కాదు. ముందే ఒప్పుకుంటున్నాను. సూది మందు తప్పించుకుని పడవ వెనకాల దాక్కున్న పిల్లవాణ్ణి చెవి పట్టుకుని లాక్కొచ్చిన చరిత్ర నాది. వాడి తండ్రిని కూడా ఒకసారి అలాగే లాక్కొచ్చాను. ఊళ్ళో నన్ను చూసి భయపడేవాళ్ళు, ఆ భయాన్ని నేను గౌరవం అనుకునేదాన్ని.

భయపడని మనిషి ఒక్కతే ఉండేది. డెబ్బై దాటిన ముసలమ్మ. మా వైపు అక్కను అప్ప అంటాం, నేను ఆమెను అలాగే పిలిచేదాన్ని. నోట్లో ఎప్పుడూ అడ్డచుట్ట ఉండేది. అంటే నిప్పున్న కొసను నోటి లోపలికి పెట్టుకుని కాల్చడం. మా శ్రీకాకుళం వైపు పాతకాలపు ఆడవాళ్ళు చాలామంది అలాగే కాలుస్తారు. నోటి క్యాన్సర్ గురించి నేను చెప్పిన పాఠాలన్నీ ఆమె ఆ చుట్ట తీయకుండానే శ్రద్ధగా విన్నది.

ఆ ఊళ్ళో ఏ ఇంట బిడ్డ పుట్టినా నీళ్ళు పోసేది అప్పే. పొద్దుటి ఎండలో పీట వేసుకుని, చీర మోకాళ్ళ పైకి లాక్కుని, కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి పోసేది. ఒళ్ళంతా నూనె రాసి నలుగు పెట్టేది. ముక్కు నిటారుగా రావాలని నొక్కేది, తల గుండ్రంగా రావాలని అదిమేది. చెవుల్లోనూ ముక్కులోనూ నూనె చుక్కలు వేసేది. చివరికి బిడ్డ కనబడనంత సాంబ్రాణి పొగ. పొగలోంచి తుమ్ము వినబడితే బిడ్డ క్షేమమని లెక్క.

చెవుల్లో ముక్కులో నూనె వద్దు, పొగ వద్దు అని చెప్పడం నా ఉద్యోగం. అందులో తప్పు లేదు. చెప్పిన తీరే తప్పు. ఒకసారి తల్లుల సమావేశంలో, యాభై మంది ఆడవాళ్ళ ముందు అప్పను లేపి నిలబెట్టి, "నీ నూనె వల్ల ఎంతమంది పిల్లల చెవులు పాడయ్యాయో ఎప్పుడైనా చూసుకున్నావా?" అని అడిగాను. ఆ యాభై మందికీ, వాళ్ళలో చాలామంది తల్లులకూ నీళ్ళు పోసింది ఆమె. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తు రాలేదు.

అప్ప చుట్ట నోట్లోంచి తీసింది. చుట్ట తీయగా నేను చూడటం అదే మొదలు.

"ఈ ఊల్లో సెవుడోల్లు ఎవులో సూపించు నర్సమ్మా. నానైతే ఎరగను. అయినా నువ్వు సదుంకున్నదానివి. ఇంకనుంచి నువ్వే పోసుకో," అని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె ఏ బిడ్డకూ నీళ్ళు పోయలేదు. ఎవరు వెళ్ళి పిలిచినా నర్సమ్మను పిలవమనేది. నేను గెలిచాననుకున్నాను. మా ఆశ కార్యకర్త ఆ ఊరి పిల్లే, అప్పకు మనవరాలి వరస. ఆమె మాత్రం నాతో బాగా చెప్పారు మేడం అనేది, అప్పతో బాగా బుద్ధి చెప్పావు మామ్మా అనేది. ఇద్దరికీ మంచిగా ఉండటం ఆమె ఉద్యోగ ధర్మం.

ఏడాది పాటు ఏ ఇంటి బిడ్డకు ఆ ఇంటి అమ్మమ్మో నాయనమ్మో ఎలాగో పోసుకుంటూ వచ్చారు. ఈలోగా నా రిటైర్మెంటు రెండు నెలల్లోకి వచ్చింది. వేసవి వచ్చింది, వేట నిషేధమూ వచ్చింది.

వేట నిషేధం అంటే చేపలు గుడ్లు పెట్టే కాలంలో రెండు నెలలు పడవలు ఒడ్డునే ఉండాలి. మగవాళ్ళు కూడా ఒడ్డునే ఉంటారు. అంతకు ముందు ఏడాదుల్లో పేకాట ఆడేవాళ్ళు, వలలు బాగుచేసుకునేవాళ్ళు. ఆ ఏడాదికి ఫోన్లలో నెట్ చవకైపోయి ఇంటికో పెద్ద ఫోన్ వచ్చింది. ఊరు ఊరంతా వీడియోలు చూసి విద్యలు నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఒకతను జుట్టు కత్తిరించడం నేర్చుకుని తన వీధి అంతటికీ కత్తిరించాడు. ఆ వీధి మగవాళ్ళు నిషేధం ఎత్తేసేదాకా తలగుడ్డలు విప్పలేదు. ఇద్దరు అన్నదమ్ములు కుక్కర్లో కేకు చేశారు. నాకూ ఒక ముక్క తెచ్చి ఇచ్చారు. నేను పన్ను కదిలే వయసులో ఉన్నానని చెప్పి తప్పించుకున్నాను.

అందరికంటే ఘనుడు ఇంకొకాయన. నలభై ఏళ్ళుగా సముద్రంలో ఈదుతున్నవాడు. ఆయన ఈత నేర్పే వీడియోలు చూశాడు. చూసి, "ఇన్నాల్లూ మనం తప్పుగా ఈదతన్నామర్రా," అని ఒడ్డున అందరికీ చెప్పి, వీడియోలో చెప్పినట్టు ఊపిరి పీలుస్తూ ఈదబోయి కడుపు నిండా ఉప్పునీళ్ళు తాగి వాంతులతో నా దగ్గరికి వచ్చాడు. వీడియో పాఠం బెడిసికొట్టి నా దగ్గరికి వచ్చిన మొదటి రోగి ఆయన. వారం రోజులు ఆ ముక్క చెప్పుకుని నవ్వాను. నవ్విన నాపచేనే పండుతుందంటారు.

అదిగో, ఆ రోజుల్లోనే ఊళ్ళో ఒక కుర్రజంటకు మొదటి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి తీశారు. ఆ తల్లికి చిన్నప్పుడే తల్లి పోయింది. అత్త ఉంది కాని, చేపల గంపతో ఆటో దిగుతూ పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది, మోచేతి దాకా పిండికట్టు. బొడ్డు ఊడి వారమైంది. వైశాఖం ఎండలు. బిడ్డకు మెడ మడతల్లో చెమటకాయలు, నెత్తిన పాలపొరలాంటి చెక్కు, చంకల్లో ఎర్రగా కమిలిపోయి ముట్టుకుంటే ఏడుపు. తడిగుడ్డతో తుడిస్తే తీరే స్థితి దాటిపోయింది. నేను వెళ్ళి నా అలవాటు ప్రకారం కేకలేశాను, బిడ్డకు నీళ్ళు పోయకుండా ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారని.

అత్త కట్టు కట్టిన చేతిని నా ముందు పెట్టింది. "ఎవులు పోస్తారు నర్సమ్మా? పోసేదాన్ని నువ్వు మానిపించీసినావు. ఎల్లి కాల్లట్టుకున్నాను. నర్సమ్మున్నాది కదా అన్నాది."

పక్కింటి ఆడవాళ్ళను అడగవచ్చు కదా అన్నాను కొంచెం తగ్గి. అడిగారట. పరాయి ఇంటి తొలిచూలు బిడ్డ, అంత నలుసు, ఏమైనా అయితే మాట పడాలి అని ఒకరూ ముందుకు రాలేదట. పైగా అప్ప అలిగి వదిలేసిన పీట మీద ఇంకొకరు కూర్చుంటే రేపు అప్ప మొహం ఎలా చూడటం?

మీకు ఒక అనుమానం వచ్చే ఉంటుంది. ఇంత కథ ఎందుకు, నువ్వు నర్సువి కదా, నువ్వే పోయవచ్చు కదా అని. చెబుతాను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో వేలమంది పిల్లల్ని తూచాను, తుడిచాను, సూదులు వేశాను, చుక్కలు వేశాను. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు మాత్రం ఒక్క బిడ్డకూ పోయలేదు. నాకు పిల్లలు పుట్టలేదు. మా చెల్లెలి పిల్లలకు మా అమ్మ పోసింది. నేను వేడినీళ్ళు అందించబోతే మా అమ్మ మెల్లగా బిందె తానే అందుకుంది, నా మొహం చూడకుండా. పిల్లల్లేని ఆడదాని చేత పసిబిడ్డకు నీళ్ళు పోయించరు. ఎవరూ నాతో ఆ మాట అనలేదు. అననక్కర లేకుండా నేనే దూరంగా జరిగి, ఆ పని నాకు అక్కర్లేనట్టు, నా స్థాయికి తగనట్టు నటించడం నేర్చుకున్నాను. ఆ నటనలో ఎంత ఆరితేరానంటే, ఎలా పోయాలో అందరికీ పాఠాలు చెప్పేదాన్ని.

కాబట్టి ఆ ఇంటి గుమ్మంలో నేను మాట్లాడకుండా నిలబడిపోతే, నన్ను ఆదుకున్నవాడు బిడ్డ తండ్రి. ఇరవై మూడేళ్ళ కుర్రాడు, బలమైన చేతులు, చేతిలో ఫోన్.

"నాను పోస్తాను. ఇంటికాడ కాలీగానే ఉన్నాను కదా. వీడియో సూసి నేర్సుకుంటాను. నువ్వు పక్కనుంటే సాలు నర్సమ్మా," అన్నాడు.

మగవాడు నీళ్ళు పోయడమేమిటని అత్త నోరు నొక్కుకుంది. నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. శభాష్ అన్నాను. తండ్రులు ముందుకు రావాలని డిపార్ట్‌మెంట్ కూడా చెబుతోందన్నాను. నాలుగు రోజులు నేర్చుకో, తరవాత నా కళ్ళ ముందు పోద్దువుగాని, తప్పులుంటే నేను దిద్దుతాను అని వీధంతా వినబడేలా చెప్పి మరీ వచ్చాను. ఎదురింటి అరుగు మీద అప్ప ఉంది. ఆమె వినాలనే గట్టిగా అన్నాను.

ఆ సాయంత్రం నుంచి అరసవల్లిలో నేనూ వీడియోలు చూడటం మొదలుపెట్టాను. మొదట దొరికినవన్నీ ప్లాస్టిక్ టబ్బుల్లో పోసేవి. ఆ నీళ్ళలో రబ్బరు బాతులు. చివరికి కాళ్ళ మీద పోసే తెలుగు వీడియో ఒకటి దొరికింది. చక్కగా మేకప్ వేసుకున్న ఒక అమ్మాయి హాయ్ ఫ్రెండ్స్ అని మొదలుపెట్టి, మొదటి అయిదు నిమిషాలూ తన కొత్త పీట గురించి చెప్పి, ఆ తరవాత బిడ్డను తీసుకుంది. నేను వంటింటి గట్టు మీద ఫోన్ నిలబెట్టి, పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, ఒక సొరకాయను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని సాధన చేశాను. మా ఆయన వచ్చి చూసి, కాసేపు ఆగి, "కూర ఎప్పుడవుతుంది?" అని అడిగారు. తల తుడిచాక అన్నాను.

సొరకాయ వల్ల ఒక ఇబ్బంది ఉంది. అది జారదు, కదలదు. మన కుర్రాడు ఈ విషయం నాకంటే ముందు కనిపెట్టాడు. మర్నాడు నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి పెరట్లో పీట మీద కూర్చుని, ఫోన్లో అదే వీడియో పెట్టుకుని, కాళ్ళ మీద మూడు కిలోల బొచ్చె చేపకు తల రుద్దుతున్నాడు.

బొచ్చె చెరువు చేప. సముద్రం మీద బతికేవాళ్ళు దాన్ని చేపల్లో లెక్కపెట్టరు, కొనడమంటే నామోషీ. నిషేధం రోజులు కనుక వేరే దారి లేక నరసన్నపేట నుంచి ఐసు పెట్టెలో వచ్చిన దాన్ని కొనుక్కొచ్చాడు. బిడ్డ రెండు కిలోల తొమ్మిది వందలు, ఇది మూడు కిలోలు, సరిపోయిందన్నాడు. జారే వస్తువు పట్టుకోవడం పుట్టుకతో వచ్చిన విద్య అన్నాడు. సబ్బు దండగని శనగపిండి, పసుపు కలిపి రుద్దుతున్నాడు. చెయ్యి అడ్డం పెట్టి దాని కళ్ళలో నీళ్ళు పడకుండా చూసుకుంటున్నాడు. ఆ శ్రద్ధ చూస్తే నాకు కోపం రాలేదు. కాకపోతే పట్టు చూశాక గుండె ఆగింది. బొటనవేలూ చూపుడువేలూ మొప్పల్లోకి దోపి పట్టుకున్నాడు.

బిడ్డకు మొప్పలు ఉండవురా బాబూ అన్నాను. ఆ మాట నిజమేనని ఒప్పుకుని కాసేపు ఆలోచించి, తలకాయ కింద చెయ్యి పెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. మూడు రోజులు మూడు చేపలు. శనగపిండి, పసుపు అప్పటికే పట్టి ఉండేవి కనుక అత్త ఎడమచేత్తోనే ఉప్పూ కారం వేసి వేయించేసేది. వేపుడు బాగా కుదురుతోందని, ఇంకో నాలుగు రోజులు నేర్చుకోనిమ్మని ఆవిడే అంది.

ఈలోగా మా సూపర్‌వైజరుగారికి ఆశ కార్యకర్త ద్వారా సంగతి తెలిసింది. ఆయన దేనికైనా ఫోటో అడిగే మనిషి. సూది వేస్తే ఫోటో, వేయకపోతే ఎందుకు వేయలేదో ఫోటో. బిడ్డకు నీళ్ళు పోస్తున్న ఆదర్శ తండ్రి ఫోటో, పక్కన నేను నిలబడి సలహా ఇస్తున్న ఫోటో గ్రూపులో పెట్టాలని ఆదేశించారు. రిటైరయ్యే ముందు మంచి పేరు అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. ఇస్త్రీ చేసిన మంచి చీర కట్టుకుని వెళ్ళాను.

ఆ రోజు పొద్దున ఎనిమిదికే వీధి నిండిపోయింది. వేట లేదు, పని లేదు. జుట్టు కత్తిరించిన అతనూ, కేకు అన్నదమ్ములూ, వాంతుల ఆయనా అందరూ వచ్చారు. వీడియోల విద్యలో తమవాడు పరీక్షకు కూర్చుంటున్నాడని వాళ్ళ ఆరాటం. బిడ్డ తల్లి గుమ్మంలో చేరబడి, ఏడవాలో నవ్వాలో తెలియక కొంగు నోట్లో పెట్టుకుంది. ఎదురు అరుగు మీద అప్ప చుట్ట కాల్చుకుంటూ ఎటో చూస్తోంది.

కుర్రాడు పీట మీద కూర్చుని కాళ్ళు చాపాడు. ఆశ కార్యకర్త అతని ఫోన్ పట్టుకుని ఎదురుగా కూర్చుంది. నేను మోచేయి ముంచి నీళ్ళ వేడి చూశాను. అది మాత్రం నాకు వచ్చు. వీడియోలో అమ్మాయి హాయ్ ఫ్రెండ్స్ అనగానే వీధిలో ఇద్దరు ముగ్గురు పలికారు కూడా. బిడ్డను కాళ్ళ మీద పెట్టాం. బిడ్డ కయ్యిమంది. అతను భయపడలేదు. నూనె రాశాడు, సబ్బు రాశాడు, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి తల కడిగాడు. నెత్తిన చెక్కు నాని ఊడుతుంటే తల్లి మొహంలోకి వెలుగు వచ్చింది. నేను వెనక నిలబడి, అంతా నేను నేర్పినట్టే తల ఊపుతూ ఉన్నాను.

"ఇప్పుడు పాపాయిని జాగ్రత్తగా బోర్లా తిప్పుకోవాలి. ఇది చాలా ముఖ్యం ఫ్రెండ్స్. ఎలా అంటే," అంది వీడియోలో అమ్మాయి.

ప్రకటన వచ్చేసింది. విశాఖ దగ్గర ఇళ్ళ స్థలాలు, చుట్టూ ప్రహరీ, పిల్లల పార్కు. సబ్బు నురగలో బిడ్డ, అరుస్తోంది. వీధంతా ఊపిరి బిగబట్టి ఇళ్ళ స్థలాల గురించి వింటోంది. ఆశ కార్యకర్త కంగారులో తడివేలితో ఎక్కడో నొక్కింది. స్థలం ఎన్ని గజాలు కావాలో చెప్పమంటూ కొత్త పేజీ తెరుచుకుంది. మళ్ళీ నొక్కింది. అది పోయి ఇంకో వీడియో దానంతట అదే మొదలైంది. మోటారు సైకిలు మెరిసేలా కడగడం ఎలా. అందులో అబ్బాయి ముందు గొలుసుకు ఆయిల్ వేయాలి ఫ్రెండ్స్ అంటున్నాడు.

"నర్సమ్మా, ఇప్పుడేటి? ఎలగ తిప్పాల?" అన్నాడు కుర్రాడు. చేపను మూడు రోజులూ బోర్లా తిప్పాడు, కాని ఎలా తిప్పాడో అప్పుడు అతని చేతులకు గుర్తు రావడం లేదు. అతని వేళ్ళు తెలియకుండానే బిడ్డ దవడల కిందికి, మొప్పలు ఉండవలసిన చోటికి పోతున్నాయి. బిడ్డ సబ్బుతో ఒక పక్కకు జారుతోంది. నేను వంగి ఒక చెయ్యి అడ్డం పెట్టాను. అంతవరకే. ఆపైన ఏమీ తోచలేదు. తల్లిపాలు ఆరు నెలలు, ఐరన్ మాత్రలు నూరు, కామెర్ల లక్షణాలు అయిదు, అన్నీ గుర్తొస్తున్నాయి. వీడియోలో ఆ ఒక్క చోట నేను సొరకాయను ఎలా తిప్పానో గుర్తు రావడం లేదు. సొరకాయను ఎలా తిప్పినా ఒకటే కదా.

అందరూ నా వైపు చూస్తున్నారు.

"నాకు తెలియదు," అన్నాను.

ఏ ఊళ్ళోనూ, ఏ సమావేశంలోనూ నేను అంతకు ముందు ఆ మాట అనలేదు. నా గొంతు నాకే వేరేగా వినబడింది. తెలియదు అని మళ్ళీ అన్నాను, ఈసారి అరుగు వైపు తిరిగి. "అప్పా, నాకు తెలియదు. నేనెప్పుడూ పోయలేదు."

అప్ప చుట్ట నోట్లోంచి తీసి అరుగు మీద పెట్టింది. నిదానంగా దిగి వచ్చింది. వంగి, ఒంటిచేత్తో బిడ్డను సబ్బుతో సహా ఎత్తి తన ముంజేతి మీద వేసుకుంది. బిడ్డ ఏడుపు సగంలో ఆపి ఎవరా అన్నట్టు చూసింది. కుర్రాణ్ణి లెగరా గుంటడా అంది. అతను లేచాడు, చెమట తుడుచుకున్నాడు, పక్కనే కూలబడ్డాడు. ఇంక అప్ప కూర్చుంటుందని అందరం అనుకున్నాం. అత్త పీట సర్ది కొంచెం తుడిచింది కూడా.

"కూకో నర్సమ్మా," అంది అప్ప.

నన్నేనా అన్నాను.

"నిన్నే. తెల్దన్నావు కదా, తెల్దన్నోలికే సెప్తాను. తెల్సినోలికి సెప్పలేను. కూకో, కాల్లు సాపు."

అత్త ఏదో అనబోయింది. ఆమె పిల్లల్లే, అని సగంలో మింగేసింది. ఎవరూ ఎన్నడూ నా ముందు అనని మాట అది, సగమైనా అంది. నేను వద్దులే అప్పా అంటూ వెనక్కి జరిగాను, ముప్పై ఏళ్ళ అలవాటు అది.

అప్ప అత్త వైపు తిరిగింది. "నీ కోడలికి సూదులేసిందీ ఈ సెయ్యే, దాన్ని ఆసుపత్రికి తీసికెల్లిందీ ఈ సెయ్యే. సూదులేసే సెయ్యికి లేని దోసం నీల్లు పోసే సెయ్యికొస్తాదేటి?"

అత్త కట్టు లేని చేత్తో చెంబు అందుకుని నీళ్ళ బిందె పక్కన నిలబడింది, పోయడానికి.

నేను కూర్చున్నాను. ఇస్త్రీ చీర మోకాళ్ళ పైకి లాక్కుని కాళ్ళు చాపాను. ఊరంతా చూస్తోందన్న సిగ్గు కాసేపే. అప్ప బిడ్డను నా కాళ్ళ మీద పెట్టింది. వెచ్చగా, బరువుగా, ఊపిరితో కదులుతూ ఉంది. ఇన్నేళ్ళూ త్రాసులో చూసిన బరువే. కాళ్ళ మీద వేరుగా ఉంది.

"రొమ్ము కింద సెయ్యెట్టు. జబ్బట్టుకో. గెడ్డం నీ మనికట్టు మీద ఆనాల. ఆ, ఇప్పుడు తిప్పు. బయపడకు, నువ్వు బయపడితే దానికి తెలిసిపోతాది."

తిప్పాను. బిడ్డ నా ముంజేతి మీద బోర్లా వాలి, ఏడుపు ఆపేసింది. అత్త పోస్తూ ఉంటే వీపు మీద నీళ్ళు జారాయి. చంకల్లో, మెడ మడతల్లో అప్ప చెప్పిన చోటల్లా వేళ్ళతో కడిగాను. కుర్రాడు పక్కన కూర్చుని నా చేతుల వైపే కన్నార్పకుండా చూస్తున్నాడు. రేపటి నుంచి పోయవలసింది తనే కదా. అలవాటు కొద్దీ అప్ప నూనె గిన్నె అందుకుంది. అందుకుని నా వంక చూసింది.

"సెవుల్లో ఎయ్యన్లే. ముక్కులో ఎయ్యను. పొగా ఎయ్యను. కానీ నువ్వు మీటింగుల్లో నన్ను నిలబెట్టకు."

"నిలబెట్టను అప్పా. తప్పు నాదే," అన్నాను. ఆ మాట యాభై మంది ముందు అనవలసింది. వీధిలో అంతకంటే ఎక్కువమందే ఉన్నారు కనుక చెల్లిపోయింది.

ఆ తరవాత ఊళ్ళో ఎవరికి బిడ్డ పుట్టినా అప్ప మళ్ళీ వెళ్ళింది. మన కుర్రాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. నిషేధం ఎత్తేసి అతను వేటకు పోయేనాటికి అతని కూతురికి అతను పోస్తేనే నిద్ర పట్టేదట. సూపర్‌వైజరుగారు అడిగిన ఫోటో మాత్రం ఎవరూ తీయలేదు. మా చేతిలో ఉన్న ఒక్క ఫోనూ మోటారు సైకిలు కడుగుతూనే ఉంది. ఆయనకు కోపం వచ్చింది. రానిమ్మన్నాను.

ఆ రోజు స్నానం అయ్యాక మెత్తటి పాత చీర ముక్కలో బిడ్డను చుట్టి, తుడిచి, తల్లికి అందించాలి. పద్ధతి అది. పాలకు తీసుకోవాలని తల్లి చేతులు చాపి నిలబడింది. నేను తల తుడిచాను. తుడిచిన తల మళ్ళీ తుడిచాను. బిడ్డ నా ఒళ్ళో నిద్రపోయింది. ఇచ్చేయాలని తెలుసు, చేతులు కదలలేదు. కళ్ళు మసకబారి ఎవరి మొహమూ కనబడలేదు. అప్ప ఆ తల్లి చేతుల్ని మెల్లగా కిందికి దించి, "కాసేపు ఉండనీయే. దానికి ఇదే తొలిసారి," అంది.

ఆ అన్నది బిడ్డ గురించో నా గురించో అని ఎవరూ అడగలేదు.